ఊపిరి తీసిన బాయి

తొమ్మిదేండ్ల నుంచి ఒక మాటను లోపల్నే మోసుకుంట తిరుగుతున్న. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. మీరు నన్ను ఎరుగరు, అందుకే మీకు చెప్పబుద్ధి అయితున్నది.

నేను భూమిల నీళ్ళు చూసే మనిషిని. మిషన్ పెట్టి బండల్ల పగుళ్ళు వెతుకుత. మొయినాబాద్ దిక్కు కింద అంతా గట్టి రాయి. పడ్డ వాన ఎటు పోవాల్నో ఆ రాయే చెప్తది. పగులు దొరికితే లోపలికి దిగుతది, లేకుంటే మీదికెళ్ళే జారిపోతది.

అజీజ్‌నగర్ల ఒక ఫామ్‌హౌస్‌కు బోరు ఎక్కడ వెయ్యాల్నో చూసి పాయింట్ పెట్టిన. కంచె అవతల రాజమ్మవ్వ కొత్తిమీర మడి, ఒక పాత బాయి. ఆ బాయిని ఆమె పెనిమిటి తన చేతుల్తోని తవ్విండు. అందుల్నే కాలుజారి పడి పాణం ఇడిసిండు.

పట్టపగలు బోరు బండి నడుస్తుంటే అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"బాయి ఊపిరి తీస్తున్నది బిడ్డా. జర వచ్చి చూడు."

పోయి తొంగి చూసిన. ఆకు కదలని ఎండ. లోపల నీళ్ళు మాత్రం కదులుతున్నయి. గోడల ఒక సన్నటి పగులు నుంచి బుడగలు, నిద్రల ఉన్న మనిషి ఊపిరి తీసినట్లు, ఆగి ఆగి వస్తున్నయి. నీళ్ళ మీద తెల్లటి రాతిపొడి తేలుతున్నది. అవతల బండి ఆపిన్రు. బాయి ఆగింది. మళ్ళ నడిపిన్రు. మళ్ళ ఊపిరి.

నాకు అప్పుడే సమజైంది. బోరు తవ్వుకుంట లోపలికి కొట్టే గాలి ఆ పగులు వెంబడే ఇటు వస్తున్నది. అంటే రేపటి నుంచి మోటరు గుంజేది ఈమె నీళ్ళనే.

"ఆ బోరుకు, దీనికి ఏమన్న సంబంధం ఉన్నదా బిడ్డా?"

"లేదవ్వా. నడుమ అంతా ఒకటే బండ."

ఆమె నీళ్ళల్లకు వంగి చూసింది. "అయితే ఊపిరి తీసేది మా ఆయనే," అన్నది మెల్లగ.

నేను కాదనలే.

ఎందుకు కాదనలే? పెట్టిన పాయింట్ తప్పంటే పేరు పోతదని భయపడ్డనా? అది ఉన్నది. ఇంకొకటి చెప్పనీకే సిగ్గు. ఆమె గిట్ల నమ్మితే లొల్లి ఉండదని ఆ నిమిషంల అనిపించింది, అనిపించినంక నా పాణం నిమ్మళమైంది కూడ.

ఎండకాలం నడుమకు బాయి ఎండింది. పోయిన పెనిమిటికి ఇష్టం లేదేమోనని అవ్వ మడి విడిచిపెట్టింది.

మూడేండ్లకు అదే ఫామ్‌హౌస్‌కు మోటరు చూడనీకి పోయిన. అవ్వ పైపు పట్టుకొని గడ్డికి నీళ్ళు పెడుతున్నది. తోటపనికి కుదిరిందట. దోసిట్ల పట్టి తాగి, నన్ను చూసి నవ్వింది.

"ఈ నీళ్ళు మా బాయి నీళ్ళ లెక్కనే ఉంటయి బిడ్డా. తాగినప్పుడల్లా ఆయన పక్కన నిలబడ్డట్లే ఉంటది."

అవునన్నట్లు తల ఊపిన.

అవ్వ ఇంకా అక్కడ్నే పనిచేస్తున్నది. ఇప్పుడు నిజం చెప్తే బాయి తిరిగి రాదు, ఉన్న ఆ తోడు కూడ పోతది. ఇట్ల అనుకునుడు కూడ నన్ను నేను కాపాడుకునుడేనా? తెల్వదు. మాఫీ అడుగుతలేను. నాకు అన్నీ తెలుసు, తెలిసే దాచిన. ఇన్నేండ్లకు ఈ రెండు మాటలు బయటికి వచ్చినయి. ఇయ్యాల్టికి గంతే చాలు.