ముడి మీద వేలు

ఒక మనిషితో అయ్యే పనికి ఆమోసు గారు ఏనాడూ ఒక్కరినే పెట్టలేదు.

చర్చిలో సేవకు మనుషుల్ని కుదర్చడం ఆయన బాధ్యత. ప్రతి ఆదివారం ఆరాధన చివర కాగితం విప్పి చదివేవారు. చాపలు దులిపేవారు ఇద్దరు. దులిపేటప్పుడు కిటికీ తెరిచేవారు ఒకరు.

"మూసేవారు వేరేనాండీ?" అని లాజరు వెనకనుంచి అడిగేవాడు.

"వేరే. నువ్వే."

గంట కొట్టడానికి ముగ్గురు. మోకాళ్లు వంగని మాణిక్యమ్మ కుర్చీలో కూర్చుని గడియారం చూస్తుంది. వేళయిందని అబ్రహాముకు సైగ చేస్తుంది. అబ్రహాము "కొట్టు" అంటాడు. మూడోవాడు తాడు లాగుతాడు. అబ్రహాముకు నత్తి. ఆ ఒక్క మాట బయటికొచ్చేసరికి పాస్టరు గారు రెండుసార్లు గొంతు సవరించుకునేవారు.

"ఆ గడియారం తాడు లాగేవాడికి కనపడదా?" అని ఒకసారి ఆయనే అడిగారు.

"కనపడుతుందండీ. అతని చూపు బాగానే ఉంది" అన్నారు ఆమోసు గారు.

అందరికన్నా ఎక్కువ విసుక్కునేది సంపూర్ణమ్మ టీచరు. "ఇటివ్వండి కాగితం. ఇదంతా ఒక్కదాన్నే చేసి, ఇంటికెళ్లి కూర కూడా వండుకుంటా" అనేది. అన్నంత పనీ చేసేది.

డెబ్భై ఏడు వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. మళ్లీ చర్చికి వచ్చేసరికి నవంబరు. అంతకు వారం ముందే దివిసీమను ఉప్పెన ముంచింది.

ఆ ఆదివారం ఎవరూ నవ్వలేదు. రెండింటికి లారీ అవనిగడ్డ వైపు బయల్దేరుతుంది. ఈలోగా వెయ్యి పులిహోర పొట్లాలు కావాలి. ఆమోసు గారు కాగితం విప్పారు.

ఆకు తుడిచేవారు. పరిచేవారు. పులిహోర పెట్టేవారు. మడిచేవారు. పురికొస తెంపేవారు. ముడి వేసేవాడు లాజరు.

సంపూర్ణమ్మ కుడిచేతిని కొంగు కింద దాచుకుని వింటోంది. కాగితం చివరికొచ్చింది. తన పేరు రాకపోతే ఇక చర్చికి రాకూడదనుకుంది.

"ముడి మీద వేలు పెట్టేవారు, సంపూర్ణమ్మ టీచరు గారు."

ఆమె నేరుగా ఆయన దగ్గరికెళ్లింది. "జాలిపడి పని పుట్టించారా, ఆమోసు గారూ?"

"జాలేంటండీ? లాజరు ముడి మీరెరగరా? రెండో మెలిక వేసేలోపు మొదటిది జారిపోతుంది. ఒక వేలు కావాలి. ఎడమచేతిదైనా సరే."

ఆమె కూర్చుంది. లాజరు మెలిక వేశాడు. ఆమె వేలు నొక్కింది. అతను బిగించాడు. వేలు తీసింది. మరో పొట్లం.

"వేలు తియ్యండి టీచరు గారూ, ముడిలో పడింది."

"ముందు నువ్వు తిన్నగా కట్టు. అయిదో క్లాసులోనూ ఇంతే నువ్వు."

ఇరవయ్యో పొట్లం దగ్గర ఆమె తలెత్తింది. మాణిక్యమ్మ కుర్చీలోనే కూర్చుని ఆకులు తుడుస్తోంది. పక్కన అబ్రహాము మూరలు కొలిచి పురికొస తెంపుతున్నాడు. ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం చర్చి మొత్తం అతని ఒక్క మాట కోసం ఆగేది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు తట్టింది. వేలు ఇంకాస్త గట్టిగా నొక్కింది.

రెండింటికి పొట్లాలన్నీ లారీకెక్కాయి. లాజరు దాని వెనక తలుపు వేసి, గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

"ఆగరా" అంది సంపూర్ణమ్మ. "తలుపూ నువ్వే, గొళ్లెమూ నువ్వేనా? గొళ్లేనికి ఇంకొకరు ఉండొద్దూ?"

ఆమోసు గారు జేబులోంచి పెన్సిలు తీశారు.