ముందు కారు కూడా నొక్కితే

నా మొదటి ఉద్యోగం పంజాగుట్టలో, సెల్‌ఫోన్ ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. కిటికీ లేని గదిలో కూర్చుని రేసుకార్ల ఆట ఆడి, తప్పులు పట్టడం నా పని. చక్రాలు బయటికి కనిపిస్తూ, ఒక్క మనిషి మాత్రమే పట్టే కార్లు అవి. ముందున్న కారును దాటడానికి ఒక బటన్ ఉండేది. నొక్కితే ఇంజనుకు కొన్ని క్షణాలపాటు అదనపు బలం వస్తుంది. రేసు మొత్తానికీ కొన్నిసార్లే. అయిపోతే ఇక రాదు.

పొద్దస్తమానం ఆ బటనే నొక్కేదాన్ని. బొటనవేలు వాచి, అమీర్‌పేట హాస్టల్లో అన్నం కలుపుకోవాలన్నా నొప్పే. మానేద్దామంటే నా డిగ్రీ సర్టిఫికెట్లు మేనేజరుగారి బీరువాలో ఉన్నాయి. రెండేళ్లు చేస్తానని సంతకం పెట్టించుకుని మరీ తీసుకున్నారు.

ఒకసారి ఎంత నొక్కినా ముందు కారును దాటలేకపోయాను. నేను నొక్కగానే అదీ వేగం పెంచేది. తప్పు దొరికిందనుకుని పక్క సీటులోని అన్నను పిలిచాను. ఆయనది యూసుఫ్‌గూడ. టీవీలో ఒక్క రేసూ వదలడు.

"గదేం తప్పు కాదమ్మా. అసలు రేసుల్ల సుత గంతే. ఎనకటోడు నొక్కితే ముందటోడు సుత నొక్కుతడు."

"మరి దాటేదెలా అన్నా?"

"వానిది ఒడిసేదాంక నీది దాచుకో."

దాచుకున్నాను. వేలు బటన్ మీదే ఉంచి, నొక్కకుండా, ముందు కారు వెనక చక్రాలనే చూస్తూ పోయాను. తన ముందున్న కార్లను దాటడానికి వాడి వాడి, చివరి చుట్టులో దాని బలం అయిపోయింది. నొక్కాను. దాటేశాను! ఇద్దరం గట్టిగా అరిచాం.

ఆ ఊపులోనే మేనేజరుగారి దగ్గరికి వెళ్లి, నన్ను బొమ్మలు గీసే టీములోకి మార్చమని అడిగాను.

"ఇక్కడ బాగా చేస్తున్నారు కదండీ, ఎలా మారుస్తాను? ఇదే ఆట ఇందులో కూడా చూడండి," అంటూ ఇంకో ఫోన్ చేతిలో పెట్టారు.

మళ్లీ మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టాను. తెర మీద రోడ్డు సరిగ్గా కనబడలేదు. కళ్లు తుడుచుకుని ఆడాను.

ఆ గదిలోంచి నేను బయటపడింది నా తెలివితో కాదు. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి కంపెనీ మూతపడింది. మెట్ల మీదే అందరి సర్టిఫికెట్లూ పంచుతున్నారు. నావి నా చేతికొచ్చాయి. ఎన్నాళ్లుగానో కోరుకున్నదే. అయినా మెట్లు దిగలేదు. ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి?

"ఎటు పోతవమ్మా?" అన్న అడిగాడు.

"తెలీదన్నా."

"నాకు సుత తెల్వది," అంటూ ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. నేనూ పక్కనే కూర్చున్నాను.