నేను తెరవని నోట్‌బుక్

2022 వానాకాలం. మారేడ్‌పల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ సరిగ్గా నడుస్తున్నాయో లేదో కనిపెట్టి చూసే కాంట్రాక్టు మా కంపెనీది. అక్కడ ఆ పని చేసే మనిషిని నేను. మూడో అంతస్తులో లిఫ్టు పక్కన చిన్న గది, అందులో ఒక పెద్ద తెర, అవసరానికి మించి చల్లగా ఉండే ఏసీ. అప్పటికి ఈ పనిలో తొమ్మిదేళ్లు నిండాయి. నాకు తెలియనిదేమీ లేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో నేనేం చేశానో ఇప్పుడు రాస్తున్నాను. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

మా పని గురించి రెండు ముక్కలు. ప్రతి సర్వర్‌లోనూ మానిటరింగ్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం పెడతాం. ఆ సర్వర్ ఎలా ఉంది, దాని మీద నడవాల్సిన సాఫ్ట్‌వేర్ నడుస్తోందా లేదా అని అది నిమిషానికోసారి మా గదిలోని కన్సోల్‌కి కబురు పంపుతుంది. అంతా బాగుంటే తెర మీద పచ్చ చుక్క. వరసగా మూడు చెడ్డ కబుర్లు వస్తే ఎర్ర చుక్క, అలారం. ఒక్క చెడ్డ కబురుకే గోల పెట్టకూడదని అలా పెట్టుకుంటాం.

ల్యాబ్ ఇన్‌ఛార్జి స్వరూప గారిది బోయిగూడ. ఆ ల్యాబులో పద్దెనిమిదేళ్ల సర్వీసు. జూన్ నుంచి ఆవిడ ఫోన్లు మొదలయ్యాయి.

"సర్, జెర చూడున్రి. రిపోర్టులు పోతలేవు. నా కాడ సెంట్ అనే చూపిస్తుంది, వార్డుల మాత్రం అందలేదంటున్నరు."

నేను కుర్చీలోంచి కదలకుండా తెర వైపు చూశాను. "ల్యాబ్ సర్వర్ గ్రీన్‌లోనే ఉంది మేడమ్. మీ కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి."

"రెండుసార్లు చేసిన సర్."

"అయితే వార్డువాళ్లు సరిగా చూసుకోలేదేమో."

అరగంట తర్వాత అన్నీ వాటంతటవే వెళ్లిపోయేవి. నాలుగు రోజులకు మళ్లీ ఫోన్. మళ్లీ నాది అదే జవాబు. ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి లాగ్, అంటే అది తన గురించి తాను రాసుకునే దినచర్య, తెరిచి చూస్తే పది నిమిషాల పని. నేను చూడలేదు. పైగా క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆవిడ గొంతు అనుకరించి "జెర చూడున్రి సర్" అని నలుగురినీ నవ్వించాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ఒకరోజు ఆవిడే మా గదికి వచ్చారు. చేతిలో పొడుగాటి రూళ్ల నోట్‌బుక్.

"ఎప్పుడెప్పుడు ఆగినయో తారీఖు, టైం అన్నీ రాసిన సర్. మీ దాంట్ల కలిపి చూడున్రి."

"మేడమ్, మా సిస్టం సెకన్లతో సహా రాసుకుంటుంది. ఈ నోట్‌బుక్కుతో పని లేదు" అన్నాను. అందుకోవడానికి చెయ్యి కూడా చాపలేదు. ఆవిడ నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆగస్టులో ఒక పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్ ఉంది. ముందురోజు నుంచి ఏమీ తినకుండా ఉన్నాడు. తీరా టైముకి రక్త పరీక్ష రిపోర్టు డాక్టరుకి అందక ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. ఆయన కొడుకులు రిసెప్షన్ దగ్గర గొడవ పెట్టుకున్నారు. విచారణలో స్వరూప గారు తన మాట మీదే ఉన్నారు: నేను టైముకే పంపిన, సిస్టమే ఆపుకున్నది. ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ గారు నన్ను సర్వర్ రిపోర్టు అడిగారు. ఒక బటన్ నొక్కాను. ల్యాబ్ సర్వర్ ఆ నెలలో ఒక్క నిమిషం కూడా ఆగలేదని వచ్చింది. అక్కడితో ఊరుకోక, ఎవరూ అడగని ఒక వాక్యం కింద చేర్చాను: "ఆలస్యం ల్యాబ్ సిబ్బంది వైపు నుంచి జరిగి ఉండవచ్చు."

స్వరూప గారికి మెమో ఇచ్చారు. ఇన్‌ఛార్జి పదవి తీసేసి కింద శాంపిల్ కలెక్షన్ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్ల మనిషి, పైగా అబద్ధం చెప్పిందన్న పేరు.

మూడు వారాల తర్వాత ఏజెంట్లకు కొత్త వెర్షన్ వేస్తున్నాను. ల్యాబ్ సర్వర్ దగ్గర ఇన్‌స్టాల్ ఆగిపోయింది. ఇదే ఐడీతో ఇంకో మెషీన్ కూడా ఉంది అని కన్సోల్ చెబుతోంది. ఆ ఇంకో మెషీన్ ఏదో చూడగానే అర్థమైంది. మే నెలలో ల్యాబ్ సర్వర్ పాడైతే దాని బదులు నడపడానికి ఒక స్టాండ్‌బై తయారు చేసింది నేనే. అసలు సర్వర్‌ని ఉన్నదున్నట్టు కాపీ తీయడాన్ని క్లోన్ అంటాం. క్లోన్ తీశాక అందులోని ఏజెంట్ ఐడీని, అంటే కన్సోల్ దాన్ని గుర్తుపట్టే నంబరుని, చెరిపేయాలి, అప్పుడు దానికి కొత్తది వస్తుంది. చెక్‌లిస్టులో అదొక వరుస. ఆ పని చేయకుండానే, ఎప్పుడూ చేసేదే కదా అని టిక్కు పెట్టేశాను.

క్లాసులో ఒకే రోల్ నంబరుకి ఇద్దరు పిల్లలుంటే, ఒకడు ఎగ్గొట్టినా రెండోవాడు "ప్రెజెంట్" అంటాడు. అదే జరిగింది. అసలు సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఆగి చెడ్డ కబురు రాగానే, దాని వెనకే పనీపాటా లేని స్టాండ్‌బై నుంచి మంచి కబురు వచ్చేది. వరసగా మూడు చెడ్డవి ఎన్నడూ రాలేదు, చుక్క ఎర్రబడనూ లేదు. అప్పుడు, మొదటిసారి, లాగ్ తెరిచాను. ఆగడం, అరగంటకో గంటకో తనంతట తనే లేవడం, మళ్లీ ఆగడం. జూన్ నుంచి అంతా అక్కడే రాసి ఉంది.

స్టాండ్‌బైకి కొత్త ఐడీ ఇచ్చాను. మర్నాడే ఎర్ర చుక్క వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లతో లోపం సరిచేసే ప్యాచ్ ఒకటి వేయించాను. రిపోర్టులు ఆగడం పోయింది. నేను మాత్రం ఎవరికీ ఏమీ చెప్పలేదు. సరైన సమయం చూసి చెబుదామని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. భయపడ్డాను, అంతే.

పదకొండో రోజున మా కంపెనీ వాళ్లందరికీ ఏటా చేయించే హెల్త్ చెకప్ అదే ఆసుపత్రిలో పెట్టారు. కలెక్షన్ కిటికీ దగ్గర నా చెయ్యి పట్టుకుంది స్వరూప గారే.

"పిడికిలి బిగించున్రి సర్." సూది దిగింది తెలియలేదు, అంత తేలిక చెయ్యి. ట్యూబు నిండుతుంటే మెల్లగా అడిగారు. "ఈ నడుమ రిపోర్టులు ఆగుతలేవంట గదా. ఏం జేసిన్రు?"

"చిన్న అప్‌డేట్ వేశాం మేడమ్."

"అట్లనా." దూది పెట్టి చెయ్యి మడిచారు. "పైన అందరు ఏమంటున్నరో తెల్సా సర్? స్వరూప పోయింది, ల్యాబ్ బాగైందని."

అది నాకు తట్టనే లేదు. నేను గుట్టుగా బాగుచేసి, ఆవిడ మీద వేసిన నిందకు రుజువు కూడా తయారు చేసి పెట్టాను. గదికి వెళ్లి, మా మేనేజరుకి ఫోన్ చేస్తే వద్దంటాడని ఫోన్ చేయకుండానే, జరిగిందంతా రాసి లాగ్ జతచేసి అడ్మినిస్ట్రేటర్ గారికీ మేనేజరుకీ మెయిల్ పంపాను. అనుకున్నట్టే మేనేజర్ ఫోన్ వచ్చింది. "ఇప్పుడు అంతా బాగానే నడుస్తోంది కదండీ, ఎందుకు కెలికారు?" వారంలో మెమో వెనక్కి తీసుకుని ఆవిడను ల్యాబుకి పంపారు. నన్ను ఆ ఆసుపత్రి నుంచి తప్పించారు.

వెళ్లిపోయే రోజు ల్యాబుకి వెళ్లి క్షమించమన్నాను.

"తప్పు అందరితోని అయితది సర్. మాతోని సుత అయితది. గందుకే అనుమానమొస్తే శాంపిల్ మళ్ల చూస్తం. మీరు ఒక్కసారి సుత చూడకపోతిరి. గదే నాకు తక్లీఫ్ అయింది."

సొరుగులోంచి నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టారు. నిలబడే చదివాను, ఫోన్‌లో ఉన్న లాగ్‌తో కలిపి చూస్తూ. పదిహేడు వరుసలు. నిమిషం, రెండు నిమిషాల తేడాతో అన్నీ సరిపోయాయి. ఒక్కటి తప్ప, ప్రతి వరుస చివరా గుండ్రటి అక్షరాలతో అవే మాటలు: "మానిటరింగ్ సార్‌కు చెప్పిన. గ్రీన్ ఉందన్నరు."

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే తెర వైపు చూడను. ముందు వాళ్లకేం కనబడుతోందో అడిగి రాసుకుంటాను, తర్వాత సర్వర్ లాగ్ తెరుస్తాను, కన్సోల్ ఆఖరున. ఈ అలవాటుకి నేను పెట్టిన ఖర్చేమీ లేదు, పెట్టింది స్వరూప గారు.

పదిహేడో వరుస ఆపరేషన్ వాయిదా పడిన రోజుది. దాని చివర ఆ మాటలు లేవు, టైం ఒక్కటే ఉంది. ఆ రోజు నాకెందుకు ఫోన్ చేయలేదని అడగబోయి, పైన ఉన్న పదహారు వరుసలూ చూసి ఆగిపోయాను.