తీర్థానికి పోయిన ఫిల్టరు

ఇప్పుడు కొండలెక్కే పిల్లోళ్ళను చూస్తే నాకు కడుపు మంట. వీపు సంచిలోనుంచి ఒక చిన్న గొట్టం తీస్తారు, దాంట్లో పొడేసి, ఫ్లాస్కులో నీళ్ళు పోసి ఒక్క నొక్కు నొక్కుతారు. కాఫీ వచ్చేస్తాది. ఫోటో తీసుకుంటారు, తాగుతారు, పోతారు. నేను ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, అడవి నడిమధ్యన నోట్లో పెట్టుకునేలాంటి కాఫీ కావాలంటే పెళ్ళి చేసినంత పని. నా విషయంలో అయితే పెళ్ళే ఆ కాఫీ మీద ఆధారపడింది కాబట్టి, ఈ మాట నేను ఊరికే అంటున్నది కాదు.

అప్పుడు రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాంటి. ఆడే ఒక పిల్ల పని చేస్తాండె. ఫ్యాక్టరీ అంతా ఆమెను 'కళ్ళద్దాలు' అని పిలిచేవాళ్ళు, నేనూ అట్లనే పిలిచినాను, తర్వాత తర్వాత రొంత మెత్తగా పిలిచినాను. తిరుపతిలో వైష్ణవుల ఇల్లు. వాళ్ళ నాయన గుళ్ళో కైంకర్యం చేసి రిటైరైన పెద్దాయన. మాది నగరిలో మరమగ్గాల ఇల్లు. మా ఇంట్లో పొద్దున లేస్తే మగ్గం చప్పుడు ముందా, టీ గ్లాసు ముందా అన్నట్టు ఉంటాది. కళ్ళద్దాలు ధైర్యం చేసి ఇంట్లో నా సంగతి చెప్తే, పెద్దాయన కోపం కూడా చేసుకోలేదంట. "పిల్లోడు మంచోడే అయ్యుంటాడమ్మా. అయితే కాఫీ తాగనోళ్ళ ఇంట్లో నువ్వు ఇమడలేవు. మనం వాళ్ళింటికి పోయి టీ తాగేదీ కుదరదు" అన్నాడంట. (కులం అనే మాట ఆయన నోట్లోనుంచి ఒక్కసారి కూడా రాలేదు. దాన్ని కాఫీలో కలిపేసినాడు.)

ఇంక నా పనైపోయింది అనుకుంటాంటే కళ్ళద్దాలే ఉపాయం చెప్పింది. "మా నాయన ఏడాదికొకసారి పౌర్ణమికి కొండల్లో లోపలుండే తీర్థానికి నడిచి పోతాడు. భక్తి ఎంతున్నా, ఆ దినం కాఫీ లేక తలకాయ పట్టుకొని తిరుగుతాడు. ఈసారి నేను కూడా పోతాండా. నువ్వు కూడా రా, ఫ్యాక్టరీలో తెలిసినోడని చెప్తా. తీర్థం దగ్గర ఆయన చేతిలో మంచి ఫిల్టరు కాఫీ పెట్టు. ఆ తర్వాత నేను చూసుకుంటా."

"ఓస్, అంతేనా!" అన్నాను. టీ తాగేవాడి అమాయకత్వం అది.

అడవిలో అగ్గి రాజేయకూడదు, ఫారెస్టోళ్ళు ఊరుకోరు. ఇంటికాడే డికాక్షన్ దించి సీసాలో పోసుకొని పోదామంటే, పెద్దాయన చట్టం వేరే ఉండాది. దిగిన డికాక్షన్ వేడి ఆరకముందే తాగల్ల, ఆరిపోయినా, ఫ్లాస్కులో మగ్గినా అది కషాయమంట. పాలపొడి పేరెత్తితే లేచి పోతాడంట. అన్నీ ఆలోచించి చివరికి మేము తేల్చుకున్నది ఏందంటే, పాలు ఫ్లాస్కులో కళ్ళద్దాల సంచిలో వస్తాయి. నేను నడక మొదలుపెట్టే చోట ఇత్తడి ఫిల్టరులో పొడేసి, ఇంకో ఫ్లాస్కులోని మసిలే నీళ్ళు పోసి, మూతేసి, దాన్ని నిలువుగా రెండు చేతులతో పట్టుకొని నడవల్ల. నేను కొండెక్కుతాంటే డికాక్షన్ కిందికి దిగుతాంటాది. రొంత అదిరినా పొడి నలుసులు కిందికి జారి నా బతుకు గసిగసి అయిపోతాది. నాతో రూములో ఉండే బంగారుపాళ్యం వాడు (మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పని, అందుకే వాడిని 'తాండ్ర' అంటాంటిమి) గురువైనాడు. అంచు దాకా నీళ్ళు పోసిన చెంబు నా చేతికిచ్చి మేడ మెట్లెక్కించి దించినాడు. "నడుము కింద నడవప్పా, నడుము పైన సచ్చిపోయినోని మాదిరి ఉండు" అని వాడి ఉపదేశం. మెట్ల కింద ఇంటి ఓనరమ్మ నన్ను చూసి, పిల్లోడికి ఏమన్నా గాలి సోకిందేమో అని తాండ్రను పక్కకు పిలిచి అడిగింది.

ఇంత కష్టం సరిపోలేదన్నట్టు కళ్ళద్దాలు ఇంకో ఆజ్ఞ జారీ చేసింది. "ప్యాంటూ టీషర్టూ వద్దు. పంచె కట్టుకో, నామం పెట్టుకో. మా నాయనకు నచ్చుతాది." సరేనని కట్టుకున్నాను, పెట్టుకున్నాను, చెప్పులు కూడా వదిలేసినాను. ఫిల్టరు వేడి ఆరిపోకుండా మా అమ్మ ఇచ్చిన పట్టంచు పసుపు కండువా దానికి చుట్టినాను. నాకంటే ఫిల్టరే లక్షణంగా ఉండాది.

నడక మొదలైంది. పెద్దాయన తన స్నేహితులతో ముందర పోయినాడు. నేను ఫిల్టరును గుండెలకు ఆనించుకొని, చూపు దాని మీదనే పెట్టి, మాటా పలుకూ లేకుండా, తాండ్ర చెప్పినట్టు నడుము పైన సచ్చిపోయి నడుస్తాండా. వెనక కళ్ళద్దాలు. దోవంతా జనం. మొదట ఒక అవ్వ పక్కకు జరిగి నాకు చేతులు జోడించింది. నా వెనక ఎవరో పెద్దోళ్ళు వస్తాండారు కాబోలు అనుకున్నాను. తర్వాత ఒక మొగుడూ పెండ్లాం చెప్పులు విడిచి దండం పెట్టినారు. అప్పుడు అర్థమైంది నాకు. నామం, పంచె, వట్టి కాళ్ళు, పట్టు కప్పిన ఇత్తడి పాత్ర, మౌనం. వాళ్ళ తప్పేమీ లేదు, నన్ను నేను చూసుకున్నా దండం పెట్టుకుంటాంటి! కాపాడమని వెనక్కి కళ్ళతో సైగ చేస్తే, ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక, చివరికి గొంతెత్తి "గోవిందా... గోవిందా!" అనేసింది. కొండంతా అందుకునింది. ఇంక చూడు నా అవస్థ, ముందర జనం, వెనక జనం, నడిమధ్యన నేనూ నా ఫిల్టరూ.

ఒక మలుపులో ఇందాకటి అవ్వ అడ్డం నిలబడి చెయ్యి చాపింది. "రొంత తీర్థం ఇయ్యి సామీ."

"ఇది తీర్థం కాదవ్వా, కాఫీ డికాక్షన్" అన్నాను, ఉన్నదున్నట్టు.

"ఏదైతే ఏం నాయనా, సామి దగ్గరికి పోయేదే కదా. పొయ్యి."

"నిజంగా కాఫీనే అవ్వా!"

"ఎంత గట్టి మనసయ్యా నీది, ముసల్దానికి నాలుగు చుక్కలకు కూడా లెక్క చూస్తావా?" అని అందరికీ వినపడేట్టు అనేసరికి, నాకు సిగ్గు ముంచుకొచ్చి, పై గిన్నె తీసి, పొడేసే చెంచాతో ఆమె చేతిలో పోసినాను. అవ్వ కండ్లకద్దుకొని తాగింది. "అబ్బా! పొద్దున్నుంచి పగిలిపోతాండిన తలకాయ నొప్పి పోయిందే!" అని అరిచింది. పోకుండా ఏమవుతాది? తెల్లారకముందే ఉపవాసంతో బయలుదేరి, కాఫీ చుక్క పడని తలకాయలు అవన్నీ! క్షణంలో వరస కట్టినారు. "కాఫీ అప్పా, కాఫీ" అని నేను మొత్తుకుంటానే ఉండా. "అవును సామీ, ఇయ్యి సామీ" అంటానే వాళ్ళు చేతులు చాపుతాండారు. చెంచా చెంచాకూ నా పెళ్ళి కరిగిపోతాండాది. కళ్ళద్దాలు నవ్వడం ఎప్పుడు ఆపేసిందో తెలీదు. పక్కకొచ్చి "చాలు, మూతెయ్యి, మా నాయనకు లేకుండా పోతాది" అని ఏడుపు గొంతుతో అనింది.

అంతలో తల వంచుకున్న ఒకాయన చెయ్యి ముందుకొచ్చింది. చెంచా ముంచబోయి ఆ చెయ్యి ఎవరిదా అని చూసినాను. పెద్దాయన! తలనొప్పి పోగొట్టే తీర్థం ఇస్తాండారని ఎవరో చెప్తే, ముందర పోయినాయన వెనక్కొచ్చి వరసలో నిలబడినాడు. పొయ్యకుండా ఉండేదానికి లేదు, వెనక జనం. పోసినాను. ఆయన కండ్లు మూసుకొని తాగినాడు, అలవాటు కొద్దీ తడి చేతిని తలకు రాసుకోబోయి, సగంలో ఆపినాడు. చేతిని వాసన చూసినాడు. నన్ను చూసినాడు. వెనకుండే కూతుర్ని చూసినాడు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"యాడిదప్పా పొడి?"

"తిరుపతిలోనే సామీ... మీ వీధి చివర అంగట్లో."

"మొదటి డికాక్షనేనా?"

"మొదటిదే."

"ఇట్లా చేతుల్లో పెట్టుకొనే దించినావా, కొండెక్కతా?"

"అవును సామీ."

ఇంక అపచారమనీ, దేవుని పేరు చెప్పి మోసమనీ తిడతాడని తల వంచినాను. తిట్టినాడు, కానీ ఆ తిట్టు వేరే. "ఇంత శ్రద్ధగా దించిన డికాక్షన్ ను దోవన పొయ్యేవాళ్ళందరికీ చెంచాలతో పోసేస్తావా? బుద్ధుండాదా నీకు? మూతెయ్యి ముందు!" అని వరస వైపు తిరిగి, ఎన్నో ఏండ్లు ఉత్సవాల్లో వాహనం ముందర నడిచిన గొంతుతో, "జరగండి, జరగండి! దోవ ఇయ్యండి!" అన్నాడు. జనం రెండుగా చీలినారు. ముందర ఆయన, వెనక నేను, తీర్థం దాకా ఆ ఫిల్టరు అట్లా రాజాలా పోయింది.

తీర్థంలో మునిగి వచ్చినాక బండమీద కూర్చున్నాము. ఒక్క గ్లాసుకే డికాక్షన్ మిగిలింది. కళ్ళద్దాలు పాలు పోసి, చక్కెరేసి తిప్పి ఇచ్చింది. ఆయన గ్లాసు ఎత్తి, పెదవికి తగలకుండా గుటక గుటకగా తాగినాడు. సగానికొచ్చినాక ఆపి, ఆ గ్లాసు నా చేతిలో పెట్టినాడు. "తాగు. చేసినోడు తాగకుండా ఉంటాడా?" అన్నాడు. నేను తాగినాను. నిజం చెప్తాండా, నాకు చేదుగా ఉండాది, అయినా కండ్లలో నీళ్ళు వచ్చింది దానికి కాదు.

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "ఈ ఆదివారం నగరికి వస్తామని మీ నాయనకు చెప్పు. కాఫీ కోసం ఏమీ అగచాట్లు పడొద్దను. టీ ఇచ్చినా తాగుతాలే" అన్నాడు.

ఆ మాట విని చంటిపిల్లోడిలా ఏడ్చినవాడు, నామం తీర్థం నీళ్ళకు కరిగి కారిపోయి ముఖమంతా ఎర్రగా తెల్లగా ఉన్నవాడు, ఎవరో కాదు, నేనే. అప్పుడప్పుడూ వాడు గుర్తొస్తాడు. అంత భయం, అంత ఓపిక, అంత పిచ్చి ఇప్పుడు నాలో వెతికినా దొరకవు. వాడిమీద నాకు నవ్వొస్తాది, రొంత అసూయ కూడా వస్తాది.