ఆకు మీద చెయ్యి

మా ఇంట్లో తూకం మిషన్ మీద నేను నిలబడితే అంకెకి బదులు ఏదో ఇంగ్లీషు అక్షరం చూపించి ఆరిపోయేది. దాంతో మా ఆయన నన్ను రావులపాలెంలో తన అరటి గెలల షెడ్డుకి తీసుకెళ్ళి కాటా ఎక్కించారు. గెలలు దించుతున్న కూలీలు మర్యాద తెలిసినవాళ్ళు. అందరూ ఒక్కసారిగా లారీ టైర్ల వైపు తిరిగి వాటిలో గాలి ఎంతుందో చూడటం మొదలుపెట్టారు. మా ఆయన కాటా చూసి "నూట పదమూడు" అన్నారు. కళ్ళెదుట నూట పద్దెనిమిది కనిపిస్తుంటే పదమూడేమిటని అడిగాను. అలవాటుగా గెల కాడకి తరుగు తీసేశారట. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన నా గురించి అన్న మంచిమాటల్లో అదొకటి.

అందం కోసం నేను పొట్ట కోయించుకోలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే చీర కుచ్చిళ్ళు కుదరడం కోసం చేయించుకున్నానని మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ అనుకుంటున్నారు. నేను లావుగా ఉన్నానన్న సంగతి నాకు ఎప్పుడూ రహస్యం కాదు. ఆటోవాడు ముగ్గురికి సర్దిన సీట్లో నన్నూ నా చేతిసంచినీ ఎక్కించుకుని నిండిపోయిందని బయల్దేరితే, నేను దర్జాగా కూర్చుని వెళ్ళేదాన్ని.

ఒక సాయంత్రం స్కూలు నుంచి అమలాపురంలో మా ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఎడమ చెప్పు రాలేదు. అడుగున దిగిన మేకొకటి చెప్పునీ నా మడమనీ కలిపి పట్టుకుంది. పొద్దున విరిగిన బెంచీల పక్కన నిలబడి పిల్లల చేత ప్రార్థన చేయించినప్పుడు దిగి ఉండాలి. ఆ మేకు మీద నిలబడి రోజంతా లెక్కలు చెప్పాను, వరండాల్లో తిరిగాను, హెడ్మాస్టరుగారితో గొడవ కూడా పెట్టుకున్నాను. నొప్పే తెలియలేదు.

రామచంద్రపురంలో మా అమ్మకి ఇలాగే మొదలైంది. షుగరుతో ముందు కాలికి స్పర్శ పోయింది. తర్వాత వేలు తీశారు, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింద వరకూ. అమ్మ చివరి రెండేళ్ళూ లేని పాదం దురద పెడుతోందని నన్ను గోకమనేది, నేను దుప్పటి గోకేదాన్ని. ఆ మేకు చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నప్పుడు నాకు ఆ దుప్పటే గుర్తొచ్చింది. చాలా భయం వేసింది.

కాకినాడలో డాక్టరుగారు నా రిపోర్టులన్నీ చూసి, బరువు తగ్గితే షుగరు లొంగుతుందనీ, నా విషయంలో ఆపరేషనే దారి అనీ చెప్పారు. పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేస్తారట.

"మిగిలేది అరటిపండంత ఉంటుందమ్మా" అన్నారు.

మా ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. "ఏ అరటిపండండీ?"

డాక్టరుగారిది మా వైపు కాదు. అరటిపండంటే అరటిపండే అనుకునే అమాయకులు. "మామూలు అరటిపండండీ" అన్నారు.

"మామూలంటే ఎలాగండీ. కర్పూరమా, చక్కెరకేళా, అమృతపాణా? బొంత అయితే పెద్దకాయ, మా ఆవిడకి సరిపోద్దండి. కర్పూరమంటే మాత్రం కష్టమండి."

డాక్టరుగారు గాల్లో రెండు వేళ్ళతో కొలత చూపించారు. మా ఆయన ఆ వేళ్ళ మధ్య దూరాన్ని వ్యాపారి కళ్ళతో చూసి, "కర్పూరమే. అదీ గెల చివర చిన్నకాయలుండే అత్తంలోది" అని నాతో బాధగా అన్నారు. నాకోసం ఆయన అంత దిగులు పడటం అదే మొదటిసారి.

ఆపరేషన్‌కి ముందు మనసు డాక్టరు దగ్గరికి కూడా పంపించారు. ఆవిడ చాలా మెత్తగా, మీరు బాధ కలిగినప్పుడు తింటారా అని అడిగింది. బాధ కలిగినప్పుడు తినననీ, మా అత్తగారు వడ్డించినప్పుడు తింటాననీ చెప్పాను. ఆవిడ అది రాసుకోలేదు. రాసుకోవలసింది.

మా అత్తగారి బరువు నలభై రెండు కిలోలు. ఆవిడ తినరు, తినిపిస్తారు. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు పాయసం మూడో విడత వచ్చింది. వద్దండీ అన్నాను, గరిటె ఆగలేదు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ చిరునవ్వుతో నా వేళ్ళ సందుల్లోంచి పోశారు. చెయ్యి కాలింది గానీ నాకు ఆశ్చర్యం వేయలేదు, మా పుట్టింట్లోనూ అంతే. మా గోదావరి జిల్లాల్లో ఆకు మీద చెయ్యి పెట్టడమంటే సిగ్గుపడుతున్నానని చెప్పడం. చాలు అంటే ఇంకొంచెం, వద్దు అంటే మీరే బలవంతం చెయ్యండి. నిజంగా వద్దని చెప్పడానికి మా దగ్గర మాట లేదు. ఆకు మడిచేసి లేచిపోవాలి, అప్పుడు కూడా గుమ్మం దాకా లడ్డూ పట్టుకుని వస్తారు.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచి ద్రవాహారం మాత్రమే తీసుకోమన్నారు. నా లివర్‌కి కొవ్వు పట్టి పొట్ట మీద దుప్పటిలా పరుచుకుందట. అది తగ్గితేనే పొట్ట కోయడానికి దొరుకుతుంది. మజ్జిగ, పప్పుకట్టు, పల్చటి సూపు, ఆసుపత్రివాళ్ళిచ్చిన ప్రోటీన్ పొడి. ఆ పొడిని నీళ్ళలో కలిపితే గోడకి వెయ్యాలో గొంతులో పోయాలో తెలిసేది కాదు. మా అత్తగారు కాగితం నాచేత రెండుసార్లు చదివించుకుని, "అంటే నమలక్కర్లేనియ్యన్నమాట" అన్నారు. నేను "ఆయ్" అన్నాను.

నాలుగోరోజున ఆవిడ పళ్ళెంలో పూతరేకులు పట్టుకొచ్చారు.

"అత్తయ్యగారూ, ఇది ద్రవం కాదండి."

"నోట్లో పెట్టుకుంటే ఏవవుద్దమ్మా?"

"కరిగిపోద్దండి."

"మరింకేంటి."

వద్దండీ అన్నాను. ఆవిడ ఎప్పటిలాగే విన్నారు, అంటే వినలేదు. ఇక్కడ నేను పాపం పిచ్చి కోడలిలా నటించవచ్చు గానీ, లెక్కల టీచర్ని, పూతరేకు నెయ్యీ పంచదారా కలిసిన ఘనపదార్థమని నాకు బాగా తెలుసు. అయినా తిన్నాను. మొదటిది ఆవిడ కోసం, మిగిలిన మూడూ నా కోసం. మర్నాడు జున్ను వచ్చింది, అదీ నమలక్కర్లేదు కదా. ఆ తర్వాత పాలముంజెలు కూడా వచ్చాయి. వాటిని నమలాలి, కానీ అప్పటికి మేమిద్దరం న్యాయాన్యాయాల చర్చ మానేశాం.

పదిహేనో రోజున ముగ్గురం కాకినాడ వెళ్ళాం. డాక్టరుగారు డైట్ సరిగ్గా చేశారా అని అడిగారు. "ఆయ్" అన్నాను. మా ఆయ్‌కి అవునని అర్థం కాదు, మీ మాట వినిపించిందని అర్థం. ఆయనకి అది తెలియక సంతోషించారు. తర్వాత కాటా ఎక్కించి స్కానింగ్ చేశారు. బరువు అరకిలో పెరిగింది. లివర్ ఎక్కడి దుప్పటి అక్కడే ఉంది.

"ఏం తిన్నారమ్మా?"

నేను నేల చూపులు చూస్తుంటే మా ఆయన నిజం చెప్పేశారు. డాక్టరుగారు పెన్ను మూసేశారు. ఇలా కోస్తే బల్ల మీదే ప్రమాదమనీ, నెల తర్వాత రమ్మనీ చెప్పి, "ఈలోగా ఆ కాలు జాగ్రత్త, దానికి గడువు మనం పెట్టలేం" అన్నారు. ఆ గదిలో మా అత్తగారొక్కరే నిబ్బరంగా ఉన్నారు. "నోట్లో పెట్టుకుంటే నీళ్ళయిపోతాయి కదండీ" అని ఆయనకి నచ్చజెప్పబోయారు.

ఇంటికొచ్చాక నాకు పట్టరాని కోపం వచ్చింది. సగం ఆవిడ మీద, సగం నా మీద. దాచిపెట్టిన మేకు తెచ్చి వంటింటి గట్టు మీద, జున్ను గిన్నె పక్కన పెట్టాను. అంతవరకూ ఆవిడకి షుగరని చెప్పానే గానీ మేకు సంగతి చెప్పలేదు.

"ఇది పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నా కాల్లో ఉందండి. నాకు తెలీలేదు. మా అమ్మకి కాలు ఎందుకు తీసేరో మీకు తెలుసు కదండీ. నేను వద్దన్నప్పుడు నాకు నిజంగానే వద్దండి అత్తయ్యగారూ. తినాలనుంటాది, అయినా వద్దు."

ఆవిడ మేకు చేతిలోకి తీసుకుని, మొనని బొటనవేలితో నొక్కి చూసుకున్నారు. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. జున్ను గిన్నె తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చేసి వచ్చారు. ఆ నెల రోజులూ మా ఇంట్లో పోపు వాసన లేదు. ఆవిడ కూడా నాతోపాటు పప్పుకట్టే తాగారు, వద్దంటే నా మాట మాత్రం వినలేదు.

లివర్ తగ్గింది, ఆపరేషన్ అయింది. కోసి తీసిన ముక్కని ట్రేలో పెట్టి బయటికి తెచ్చి మా ఆయనకి చూపించారట. ఆయన దాన్ని అటూ ఇటూ చూసి, "మరి మిగిలింది చూపించరాండీ?" అని అడిగారట. నాకు మెలకువ వచ్చేసరికి పొట్ట కన్నా భుజం నొప్పిగా ఉంది. ఆపరేషన్ కోసం లోపల నింపిన గాలి పైకి ఎగదన్నుతుందనీ, నడిస్తే పోతుందనీ నర్సు చెప్పింది. గోడ పట్టుకుని, త్రేన్చుకుంటూ, వెనకాల ఊడిపోతున్న గౌను ఒక చేత్తో పట్టుకుని వార్డంతా ఊరేగాను. మురమళ్ళలో దేవుడికి రోజూ కల్యాణం చేస్తారు, నాకూ ఆ మూడు రోజులు పొద్దునా సాయంత్రమూ ఊరేగింపు జరిగింది.

పావుగంటకోసారి ముప్పై మిల్లీలీటర్లు తాగాలన్నారు. ఆసుపత్రివాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కప్పు మా అత్తగారికి నచ్చలేదు. ఇంటికి రాగానే బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీశారు, మా ఆయనకి చంటితనంలో ఉగ్గు పట్టిన గిన్నె. కప్పుతో కొలిచి నీళ్ళు పోసి చూస్తే సరిగ్గా గిన్నె ముక్కు దగ్గరకి వచ్చింది. అక్కడ బొట్టుకాటుకతో గీత పెట్టి, గడియారం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నలభై ఆరేళ్ళ మనిషిని, బీఎడ్ చదివినదాన్ని, ఉగ్గుగిన్నెతో మజ్జిగతేట తాగాను. చివర్లో ఆవిడ నోట్లోంచి "ఇంకొక్క చుక్క" అని వచ్చేసేది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. జీవితమంతా అన్న మాట అది, దాన్ని మానుకోవడం ఆవిడకి, నేను పూతరేకులు మానుకోవడం కన్నా కష్టమైంది.

తర్వాత నెలల్లో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. చేతుల కింద చర్మం ఖాళీ సంచుల్లా వేలాడింది, బోర్డు మీద రాస్తుంటే నా కన్నా ఒక క్షణం ఆలస్యంగా కదిలేది. లావుగా ఉన్నప్పుడు కాస్త తగ్గొచ్చు కదమ్మా అన్నవాళ్ళే వచ్చి, మనిషి పాడైపోయిందని మా అత్తగారి దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. షుగరు బిళ్ళలు ఒక్కొక్కటే తీసేశారు. పోయిన స్పర్శ తిరిగి వస్తుందని మాత్రం డాక్టరుగారు మాట ఇవ్వలేదు. ఇక ముందుకి పాకకుండా ఉంటే చాలన్నారు.

మొన్న కొత్తపేటలో మా ఆడపడుచు గృహప్రవేశం జరిగింది. మూలన బఫే ఉన్నా, పెద్దవాళ్ళకి ఆకులు వేసి బంతి పెట్టారు. నేనూ మా అత్తగారూ పక్కపక్కన కూర్చున్నాం. నా కర్పూర అరటిపండు రెండు ముద్దలు పప్పన్నంతో నిండిపోయింది. అప్పుడు ఇంటాయన, అంటే మా అత్తగారి అల్లుడుగారు, స్వయంగా పొగలు కక్కుతున్న ముక్కల పులుసు పట్టుకొచ్చారు. అల్లుడుగారి మాటకి మా అత్తగారు ఈ జన్మలో ఎదురు చెప్పి ఎరగరు.

"చాలండీ అన్నయ్యగారూ. వద్దండి" అన్నాను.

"ఆయ్" అంటూనే ఆయన గరిటె నిండా ముంచారు.

నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే పక్క ఆకు మీంచి ఇంకో చెయ్యి వచ్చి నా ఆకు మీద వాలింది. సన్నటి చెయ్యి, రెండు గాజులు. అప్పటికే గరిటె వంగిపోయింది. వేడి పులుసు ఆ చేతి మీద పడి మణికట్టు దాకా కారింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"అల్లుడుగారూ, అది వద్దందండి."

ఆయన కంగారుపడిపోయారు. "అయ్యో అత్తయ్యగారూ, వద్దంటే మరి... వెయ్యమనే కదండీ."

"నేనూ అలాగే అనుకునేదాన్నండి" అన్నారు మా అత్తగారు. "కాదంట."

పెరట్లో కుళాయి కింద ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళు పోశాను. వేళ్ళ మీద ఎర్రగా కమిలింది. నాకు ఏడుపు ఆగలేదు. మండుతోందాండీ అని అడిగాను.

"మండదేంటే. మంచి చెయ్యి కదా" అన్నారు. ఒకసారి వంగి నా కాళ్ళ వైపు చూశారు. చెప్పులున్నాయి. తర్వాత గాజుకి అంటుకుని మిగిలిన పులుసు చిటికెనవేలితో తీసి నాలిక మీద రాసుకుని చప్పరించారు.

"బెల్లం ఎక్కువేసేరు" అన్నారు. "నువ్వు పోగొట్టుకున్నదేం లేదులే."