ఫణిశ్రీ తడిపిన దూది

ఫణిశ్రీకి ఈత ఎవరూ నేర్పలేదు. కోనసీమలో వాళ్ల ఊరి కాలువ రేవులో బామ్మ బట్టలు జాడిస్తుంటే, అయిదేళ్ల వయసులో మెట్టు మీంచి జారిపడి తనంతట తానే తేలింది. అప్పటినుంచీ ఆమెను నీళ్లలోంచి బయటికి రప్పించడమే ఇంట్లోవాళ్లకు పెద్ద పనైపోయింది. తండ్రి మార్కండేయులుగారు గుడిలో అర్చకులు. కూతురు ఈదితే ఆయనకు అభ్యంతరం లేదు. కానీ నెలలో ఆ మూడు రోజులూ రేవు వైపు కన్నెత్తి చూడకూడదన్నది బామ్మ సీతారామలక్ష్మి శాసనం. ఆ శాసనానికి అప్పీలు లేదు.

2003 నాటికి ఫణిశ్రీకి ఇరవై మూడేళ్లు. కాకినాడలో డిగ్రీ పూర్తిచేసి, అక్కడే ఓ గది అద్దెకు తీసుకుని ట్యూషన్లు చెప్పుకుంటోంది. ఒక ఫ్యాక్టరీ కాలనీ క్లబ్బులో ఆడవాళ్లకు ఈత నేర్పే ఉద్యోగం ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఉన్నది ఒక్కటే పోస్టు. ఆదివారం ఉదయం పదింటికి పూల్‌లో పరీక్ష, రానివాళ్లను మళ్లీ పిలవబోమని ఉత్తరంలో స్పష్టంగా రాశారు. ఆమె క్యాలెండర్ ముందు నిలబడి వేళ్లు మడిచి చూసుకుంది. సరిగ్గా రెండో రోజు. దేవుడికి ఇంత కచ్చితంగా రోజులు లెక్కకట్టడం వచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

పక్క వాటాలో సూర్యకళ ఉండేది. మొగల్తూరు దగ్గర రైతుల ఇంటి పిల్ల, ఒక నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సు. ఫణిశ్రీ ఏడుపు మొహం చూసి సంగతి కనుక్కుని, లోపల పెట్టుకునే ట్యాంపన్లు అని ఉంటాయనీ, వాటితో నిక్షేపంగా ఈదొచ్చనీ చెప్పింది. మందుల షాపు లోవరాజుగారిని అడిగితే ఆయన చాలాసేపు పైన ఫ్యాను వంక చూసి, విశాఖపట్నం నుంచి తెప్పిస్తానన్నాడు. నాలుగో రోజుకు చిన్నవొక డబ్బా, పెద్దవొక డబ్బా వచ్చాయి. రెండూ కొన్నా, ఫణిశ్రీ మనసు పెద్దవాటి మీదే ఉంది. ఒక్కటి పెట్టుకుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకోనక్కర్లేదు కదా అనుకుంది. ఎంత తెలివో చూడండి.

శనివారం తెల్లవారేసరికి నెలసరి రానే వచ్చింది. సూర్యకళ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. ఆమె వచ్చేదాకా ఆగితే సరిపోయేది, కానీ ఫణిశ్రీకి ఆగడం చేతకాదు. పెద్ద డబ్బా తీసుకుని బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. వాళ్లింట్లో కొత్త నూలుబట్ట ఏదైనా సరే, చేతిరుమాలైనా సరే, తడపందే ఒంటికి తగలకూడదు. ఎన్ని చేతులు మారి వచ్చిందో, ఆ మైల పోవాలంటుంది బామ్మ. ఇదీ దూదే కదా. పైనున్న కాగితం విప్పి, భక్తిగా చెంబులో ముంచింది.

బొటనవేలంత ఉన్నది చూస్తుండగానే ఉబ్బింది. విచ్చుకుని, రెండింతలై, చెంబులో దారపు తోకతో సహా తేలింది. లోపల పెట్టుకున్నాక ఇలా అయితే? దారం తెగితే? బయటికి రాకపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు అనుకుని గదిలోకొచ్చి మంచం మీద పడుకుని ఏడ్చింది.

ఎనిమిదింటికి వచ్చిన సూర్యకళ ఆ చెంబును చూసి ముందు తనివితీరా నవ్వింది. తర్వాత చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తడపాల్సింది దాన్ని కాదు, చేతుల్ని అంది. సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పొడిగా ఉన్నదాన్ని అప్పుడే విప్పి పెట్టుకోవాలి. అది లోపల నెమ్మదిగా, పీల్చుకున్న మేరకే ఉబ్బుతుంది. పెద్ద డబ్బాను అవతల పెట్టేసింది. సరిపోయేవాటిలో అన్నిటికంటే చిన్నదే వాడాలనీ, నాలుగైదు గంటలకోసారి మార్చేయాలనీ, ఎంత పనున్నా ఎనిమిది గంటలు దాటనివ్వకూడదనీ, పడుకునేటప్పుడు మామూలు ప్యాడే మేలనీ చెప్పింది. ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, వీటిలో ఏదొచ్చినా వెంటనే తీసేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలంది. అలా అవడం చాలా అరుదే, అయినా తెలిసి ఉండాలంది.

ఫణిశ్రీ అసలు భయాన్ని అప్పుడు బయటపెట్టింది.

"అక్కా, లోపలికెళ్లి ఎక్కడికైనా పోతేనో?"

"ఎక్కడికి పోద్దమ్మా? పైన గర్భసంచి మూతి సూది బెజ్జమంతే ఉంటది. దారి అక్కడితో సరి. దారం బయటే ఉంటది, నువ్వు లాగితే వచ్చేద్ది."

పెళ్లి కాని పిల్లనని నసిగితే, పెళ్లికీ దీనికీ ఏ సంబంధమూ లేదని సూర్యకళ కసిరింది.

మొదటిసారి కుదరలేదు. ఒళ్లంతా బిగబట్టుకుని నిటారుగా తోసింది, నొప్పెట్టింది. తీసి పారేసింది. సూర్యకళ తలుపవతలే నిలబడి, ఒక కాలు పీట మీద పెట్టమనీ, ఊపిరి వదులుతూ నడుం వెనక వైపుకు వాలుగా తొయ్యమనీ చెప్పింది. కొత్తది తీసుకుని మళ్లీ ప్రయత్నించింది. ఈసారి వెళ్లింది. కాలు దించి నిలబడితే అసలేమీ తెలియలేదు. అనుమానం తీరక రెండుసార్లు దారం తడిమి చూసుకుంది. నాలుగు గంటల తర్వాత ఆ దారం పట్టి లాగితే సులువుగా వచ్చేసింది. పొద్దున్నుంచీ గుండెల మీదున్న బరువు కూడా దాంతోపాటే దిగిపోయింది. ఫణిశ్రీ బాత్రూంలో ఒక్కతే నవ్వుకుంది.

ఆదివారం బయల్దేరే ముందు కొత్తది పెట్టుకుని వెళ్లింది. పూల్ ఆ చివరి నుంచి ఈ చివరికి ఎనిమిదిసార్లు ఈదింది, అడుగున వేసిన ఇటుకను మునిగి పైకి తెచ్చింది. నీళ్లలోకి దిగాక ఆ సంగతే గుర్తులేదు. ఈత అయిపోగానే బట్టలు మార్చుకునే గదిలో దాన్ని తీసేసింది. మధ్యాహ్నం క్లబ్బు సెక్రటరీ ఉదయ్‌భాస్కర్‌గారు ఆమెను పిలిచి, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు.

ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే బామ్మ ఎత్తింది. ఉద్యోగం మాట చెప్పగానే అవతల సంతోషం వినబడలేదు. బామ్మకూ రోజులు లెక్కపెట్టడం వచ్చు.

"ఇవాళ నీకు రెండో రోజు కదే?"

అబద్ధం చెప్పాలనుకుంది గానీ నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, చెంబుతో సహా. తిట్లకు సిద్ధపడి కళ్లు మూసుకుంది.

"నాకు ఎనిమిదో తరగతి పరీక్షలప్పుడు సరిగ్గా ఇలాగే వచ్చిందే," అంది బామ్మ. "మూడు రోజులూ పెరటి పంచలో కూర్చోబెట్టారు. మళ్లీ బడికి పోలేదు."

ఫణిశ్రీ రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా అదుముకుంది.

"పోన్లే. నువ్వైనా నీళ్లలోకి దిగావు," అని బామ్మ ఫోన్ పెట్టేసింది.