దుర్గాదేవి, నీళ్ళు కార్చే కారు

భిలాయిలోని కోహ్కా పేటలో కారు నడిపే ఆడవాళ్ళని ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే సగం మంది దుర్గాదేవి పేరే చెబుతారు. బొబ్బిలి వైపు నుంచి వచ్చి భిలాయి స్టీల్ ప్లాంటులో చేరిన కుటుంబంలో పుట్టింది. పెళ్ళయ్యాక సరదాగా కారు నేర్చుకుంది. ఆ సరదాయే డ్రైవింగ్ స్కూలయింది. యాభై దాటినా స్టీరింగు ముందు కూర్చుంటే ఆమె మొహంలో వెలుగు మారలేదు.

కొన్నేళ్ళ క్రితం పాత పెట్రోలు కారు అమ్మేసి బ్యాటరీ కారు కొంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి క్లచ్చు తప్పి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుందన్న భయం పోవాలని మొదటి పాఠాలు దాని మీదే చెప్పేది. ఆమెకి అదంటే ప్రాణం. భర్త త్రినాథరావుకి మాత్రం అది కంటికి ఆనేది కాదు. ఆయన ప్లాంటులో బొగ్గుని కాల్చి కోక్ చేసే ఓవెన్ల గ్యాస్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ గ్యాసులో సగానికి పైగా హైడ్రోజనే ఉంటుందనీ, రేపటి కార్లు దాంతోనే నడుస్తాయనీ, గంటల తరబడి ప్లగ్గు పెట్టుకుని కూర్చునే రోజులు పోతాయనీ సాయంత్రం టీ దగ్గర రోజూ వాదించేవాడు. ఆవిడ వినేది కాదు, ఆయన మానేవాడు కాదు.

పోయిన చలికాలంలో కిరణ్మయి ఫోన్ చేసింది. పక్కనున్న దుర్గ్ ఊళ్ళో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది, దుర్గాదేవి దగ్గరే కారు నేర్చుకుంది. పరిశోధన కోసం కాలేజీకి ఒక హైడ్రోజన్ కారు వచ్చిందనీ, దాన్నీ ఒక బ్యాటరీ కారునీ ఒకే రోడ్డు మీద నడిపి పోల్చి చూడాలనీ చెప్పింది.

"దీదీ, గాడీలు రెండు, నడిపే కాలు ఒకటే ఉండాలి. అప్పుడే హిసాబ్ సహీగా, లెక్క తేడా లేకుండా వస్తుంది. మీ బ్యాటరీ కారు కూడా తెచ్చీండి" అంది.

దుర్గాదేవి ఆ మాట పూర్తికాకుండానే ఒప్పుకుంది. నేనూ వస్తానని త్రినాథరావు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు, వెళ్ళాల్సింది ఆదివారమని ఆమె గుర్తు చేసేదాకా.

ఆ ఆదివారం ముందు తన కారునే కాలేజీ నుంచి ఉతై అనే ఊరి దాకా నడిపి వెనక్కి తెచ్చింది. తరువాత హైడ్రోజన్ కారెక్కింది. పక్కన కిరణ్మయి, వెనక త్రినాథరావు. పెడల్ మీద కాలు ఆనించగానే చప్పుడు లేకుండా బండి ముందుకు జారింది. అదే మెత్తదనం, అదే ఊపు. ఆమెకి నవ్వొచ్చింది.

"ఏవండీ, ఇదీ కరెంటు బండేనండీ. ఇన్నాళ్ళూ ఏటో వేరే జాతి బండిలాగ చెప్పీవోరు!"

చక్రాలు తిప్పేది రెండింటిలోనూ మోటారే అని కిరణ్మయి చెప్పింది. దుర్గాదేవి కారు కరెంటుని నింపుకుని మోస్తుంది. ఇది హైడ్రోజన్ని మోస్తూ, గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి, దారిలోనే కరెంటు చేసుకుంటుంది. మిగిలేది నీళ్ళు.

ఉతైలో టీకి ఆగారు. కారు కింద చిన్న మడుగు కట్టింది. టీకొట్టతను రేడియేటర్ పగిలిందనుకుని మెకానిక్కుని పిలవమంటారా అని అడిగాడు. త్రినాథరావు అప్పటికే రోడ్డు మీద మోకాళ్ళు మోపి, గొట్టం కింద దోసిలి పట్టాడు. చేతిలో నీళ్ళు చూపిస్తూ లేచాడు.

"చూడే దుర్గా. పొగ లేదు, మసి లేదు. నా సర్వీసంతా ఈ హైడ్రోజన్ పక్కనే తిరిగాను గానీ, ఇలగ నీళ్ళయి వస్తే చేత్తో పట్టుకుంటాననుకోలేదే."

చుట్టూ జనం మూగారు. ఆయన అందరికీ హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ మార్చి మార్చి చెప్పాడు. దుర్గాదేవి తన వాదన మరిచిపోయి ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది.

కాలేజీకి తిరిగొచ్చాక, వాళ్ళు మంచినీళ్ళు తాగి కూర్చునేలోపే కాలేజీ తెప్పించిన లారీ మీది సిలిండర్ల నుంచి హైడ్రోజన్ కారు నిండిపోయింది. బ్యాటరీ కారు ఇంకా ప్లగ్గుకే ఉంది. త్రినాథరావు మీసం మీద చెయ్యి వేశాడు. కిరణ్మయి లెక్క చెప్పేసరికి ఆ చెయ్యి కిందికి దిగింది. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తియ్యడానికీ, దాన్ని ఒత్తిడితో నింపడానికీ, మళ్ళీ కరెంటు చెయ్యడానికీ దారిలో చాలా కరెంటు పోతుంది. అంత కరెంటునీ నేరుగా బ్యాటరీకిస్తే కారు రెండు మూడింతల దూరం వెళుతుంది. పైగా ఊళ్ళో హైడ్రోజన్ పోసే బంకు ఒక్కటీ లేదు.

"కార్లకైతే దీదీ బండే గెలిచింది అంకుల్" అంది కిరణ్మయి.

దుర్గాదేవి గెలుపు మాట పట్టించుకోలేదు. ఆమె చూపు రోడ్డు మీద వెళుతున్న ఖనిజం లారీ మీద ఉంది. అంత బరువు లాగే బండికి ఎంత బ్యాటరీ కావాలని అడిగింది. బ్యాటరీయే టన్నులు తూగుతుందనీ, దాని బరువు మేరకు సరుకు తగ్గుతుందనీ, దూరాలు తిరిగే పెద్ద బండ్లకి హైడ్రోజన్ పనికొస్తుందేమోనని చాలాచోట్ల చూస్తున్నారనీ కిరణ్మయి చెప్పింది. ఏడాది తిరక్కుండా కాలేజీకీ అలాంటి ట్రక్కు పరీక్షకి రావచ్చంది.

"వొస్తే నడిపీదెవరు?"

"హెవీ లైసెన్సున్న వాళ్ళెవరైనా, దీదీ."

మర్నాడే ఆమె ఊరి పక్కనున్న జాముల్‌లో లారీలు నేర్పే చోటికి వెళ్ళింది. ఎవర్ని చేర్పించాలమ్మా అని అక్కడి మాస్టారు అడిగాడు. నన్నే అంది. ఆయన నమ్మడానికి కొన్నాళ్ళు పట్టింది. అన్నేళ్ళు నేర్పిన మనిషి మళ్ళీ నేర్చుకుంది. రివర్సులో వెనక చక్రం గట్టుకి తగిలిన రోజు తన స్టూడెంట్లలాగే బిక్కమొహం వేసింది. త్రినాథరావు టిఫిన్ డబ్బా పట్టుకుని మైదానం అంచున నిలబడి "ఇంకా తిప్పు, ఇంకా" అని అరిచేవాడు. రెండోసారి పరీక్షలో పాసయింది.

వానలు తగ్గాక ట్రక్కు వచ్చింది. ఇసక బస్తాలు నింపారు. దుర్గాదేవి చీర కుచ్చిళ్ళు దోపుకుని మెట్లెక్కి సీట్లో కూర్చుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనకున్న బరువంతా ఆమె వీపుకి తెలిసింది. బండి మాత్రం రొప్పలేదు, చప్పుడు చెయ్యలేదు. పై దాకా అదే వేగంతో ఎక్కింది. అక్కణ్ణుంచి ఎండలో ఊరంతా కనిపించింది. పక్క సీట్లో త్రినాథరావు ఊరిని వదిలి ఆమె వైపు తిరిగాడు.

"ఏటండీ?" అంది.

"ఏట్లేదు. ఇంకో రౌండు తీసికెళ్ళు" అన్నాడు.

ఆమె ఇండికేటర్ వేసి బండిని ఉతై రోడ్డుకి తిప్పింది.